మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎలా అవుతుంది? 1 ప్రధాన సంఖ్య ఎందుకు కాదు?

మీ అమ్మాయి ఏడో తరగతి చదువుతోందని, వారం రోజులుగా మూడు ప్రశ్నలతో మిమ్మల్ని నిలవనివ్వడం లేదని రాశారు. ఒకటి, (−3) × (−4) అంటే +12 ఎలా అవుతుంది? రెండు, 1ని కూడా 1తోనూ, ఆ సంఖ్యతోనే భాగించవచ్చు కదా, మరి దాన్ని ప్రధాన సంఖ్య అని ఎందుకు అనరు? మూడు, −7 ప్రధాన సంఖ్యా, కాదా? ట్యూషన్‌లో "అది రూలమ్మా, గుర్తుపెట్టుకో" అన్నారని, మీకూ అంతకు మించి చెప్పడం చేతకాలేదని బాధపడ్డారు. బాధపడకండి. మనలో చాలామందికి అలాగే చెప్పారు, మనమూ అలాగే పాసైపోయాం.

నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా హైస్కూల్లో లెక్కలు చెప్పాను, మొదట తెలుగు మీడియంలో, తర్వాత ఇంగ్లీష్ మీడియంలో. ఈ ప్రశ్నలు ఏటా ఎవరో ఒకరు అడిగేవాళ్లు. మొదట్లో నేనూ "రూలు" అనే చెప్పి తప్పించుకున్నాను. ఒకసారి వెనక బెంచీ అబ్బాయి లేచి "ఎవరు పెట్టారు సార్ ఆ రూలు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది నవ్వాల్సిన ప్రశ్న కాదనిపించింది. ఆ రూలు ఎవరో పైనుంచి రుద్దింది కాదు. అప్పటిదాకా నేర్చుకున్న కూడికలూ హెచ్చవేతలూ చెడిపోకుండా ఉండాలంటే వేరే దారి లేక వచ్చింది. అప్పటినుంచి ఇలాంటి ప్రశ్న వస్తే పిల్లలతో ఒకటే అనేవాణ్ణి: "సరే, నువ్వన్నట్టే పెట్టుకుందాం. ఏది చెడుతుందో చూద్దాం." మీ అమ్మాయి ప్రశ్నలు మూడింటికీ ఇదే పనిచేస్తుంది.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. తెలుగు పాఠ్యపుస్తకంలో 0, 1, 2, 3... వీటిని పూర్ణాంకాలు అంటారు. వీటికి −1, −2, −3... కూడా చేర్చితే పూర్ణసంఖ్యలు. మాటలు వేరు గానీ వింటే రెండింటికీ అర్థం ఒకటే అనిపిస్తుంది. ఈ ఒక్క చోట మార్కులు పోగొట్టుకున్న తెలుగు మీడియం పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంగ్లీష్ మీడియం వాళ్లకు హోల్ నంబర్స్, ఇంటిజర్స్ అని పేర్లు బొత్తిగా వేరు కాబట్టి ఆ తికమక లేదు. వాళ్లకు ఇంకోటి ఉంది, ఇంటిజర్ అంటే ఏంటో ఎవరూ చెప్పరు. ముక్కలు కానిది, అఖండమైనది అని ఆ లాటిన్ మాటకు అర్థం. అర, పావు, ముప్పావు ఇందులోకి రావు. మైనస్ కనబడగానే ఇంటిజర్ అని రాసేసే పిల్లలుంటారు. −2.5 ఋణ సంఖ్యే గానీ పూర్ణసంఖ్య కాదు.

అయితే పేర్ల విషయంలో మనవాళ్లకు ఒక పెద్ద లాభం కూడా ఉంది. ప్లస్, మైనస్ అంటే కంటికి కనబడేవి గీతలు. ధనం, ఋణం అంటే డబ్బూ, అప్పూ కనబడతాయి. ఇవి నిన్నమొన్న పాఠ్యపుస్తకాల కోసం పుట్టించిన మాటలు కావు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం 18వ అధ్యాయంలో ధనం, ఋణం, శూన్యం మూడింటినీ పెట్టుకుని కూడిక, తీసివేత, గుణకారం ఎలా చేయాలో వరసగా చెప్పాడు. రెండు ఋణాలను గుణిస్తే ధనం వస్తుందన్నది అందులోనే ఉంది. కాబట్టి వెనక బెంచీ అబ్బాయికి ఒక పేరు చెప్పాలంటే ఈ పేరు చెప్పొచ్చు. కానీ అదే బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా అన్నాడు. అది నిలబడలేదు. ఎంత పెద్దాయన చెప్పినా మిగతా లెక్కతో పొసగకపోతే రూలు నిలవదన్నమాట.

అప్పుల భాషలో మొదట తేలిపోయేది ఏది పెద్ద, ఏది చిన్న అన్నది. −5, −3లలో ఏది పెద్దదంటే పిల్లలు ఠక్కున −5 అంటారు, 5 పెద్దది కదా అని. ఐదొందలు అప్పున్నవాడు మెరుగా, మూడొందలు అప్పున్నవాడు మెరుగా అని అడిగితే మూడొందలవాడే అంటారు. అంతే, −3 పెద్దది. మరి జేబులో చిల్లిగవ్వ లేదు, అప్పు కూడా లేదు, అతను? "అప్పు లేనివాడే అధిక సంపన్నుడు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఋణ సంఖ్యలన్నింటి కంటే సున్నా పెద్దదని చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

కూడిక, తీసివేతలకు నేను చింతపిక్కలు వాడేవాణ్ణి. పచ్చీసు ఆటకు చేసుకున్నట్టే గరుకు నేల మీద ఒక వైపు తెల్లగా వచ్చేదాకా అరగదీసినవి. తెల్లవైపు పైకి ఉంటే +1, నల్లవైపు పైకి ఉంటే −1. ఒక తెల్లదీ ఒక నల్లదీ పక్కన పెడితే చెల్లుకు చెల్లు, సున్నా. 5 + (−3) చేయాలంటే ఐదు తెల్లవి, మూడు నల్లవి పెట్టి, మూడు జతలు చెల్లు చేసి పక్కకు నెట్టెయ్యాలి. రెండు తెల్లవి మిగులుతాయి. ఇది అందరికీ వచ్చేస్తుంది.

అసలు సరదా 2 − (−3) దగ్గర మొదలవుతుంది. బల్ల మీద రెండు తెల్లవి ఉన్నాయి. "మూడు నల్లవి తీసెయ్" అంటాను. "నల్లవి లేవు కదా సార్!" లేకపోతే తెచ్చుకోవాలి. కానీ ఊరికే తెస్తే లెక్క మారిపోతుంది. మారకుండా ఎలా తేవాలి? ఎవరో ఒకరు పట్టుకుంటారు: ప్రతి నల్లదానితో పాటు ఒక తెల్లదాన్నీ తేవాలి. మూడు చెల్లు జతలు తెచ్చి బల్ల మీద పెడితే విలువ మారదు. ఇప్పుడు బల్ల మీద ఐదు తెల్లవి, మూడు నల్లవి. ఆ మూడు నల్లవీ తీసేస్తే ఐదు తెల్లవి మిగిలాయి. 2 − (−3) = 5. తీసేసినదేమో అప్పు, పెరిగిందేమో ఆస్తి. ఇది చేతులతో ఒకసారి చేసిన పిల్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ప్రాచీన చైనాలో లెక్కలకు ధనానికి ఎర్ర పుల్లలు, ఋణానికి నల్ల పుల్లలు వాడేవాళ్లు. మన చింతపిక్క రెండు రంగులనూ ఒకే గింజలో ఇస్తుంది.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. మైనస్ గుర్తు ఒకటే, చేసే పనులు రెండు. 2 − (−3)లో మొదటి మైనస్ "తీసెయ్" అని చెప్పే పని. రెండోది "ఇది అప్పు" అని చెప్పే గుర్తు. ఒకే గీత క్రియ పనీ, విశేషణం పనీ చేస్తుంటే పిల్లలు తికమకపడరా? మన పాతకాలంలో ఆ ఇబ్బంది తక్కువ. భాస్కరాచార్యుడు ఋణ సంఖ్య నెత్తిన చుక్క పెట్టేవాడు. తీసివేత వేరు, చుక్క వేరు. ఇంకా పాతదైన, బక్షాలీ అనే ఊళ్లో దొరికిన లెక్కల రాతప్రతిలో అయితే ఋణానికి వాడిన గుర్తు ఇప్పటి మన ప్లస్ లాగే ఉంటుంది! ఇది చెబితే పిల్లలు పగలబడి నవ్వుతారు, కానీ గుర్తు వేరు, దాని అర్థం వేరు అన్నది బుర్రకెక్కుతుంది.

"మైనస్ మైనస్ ప్లస్" అనే మంత్రం మీద నాకు కోపం. మీ అమ్మాయి నోట్సు తెరిచి చూడండి, ఎక్కడో ఒకచోట −3 − 5 = +8 అని ఉండే అవకాశం బాగా ఉంది. రెండు మైనస్‌లు కనబడ్డాయి, మంత్రం చదివేసింది. మూడొందలు అప్పున్నవాడు ఇంకో ఐదొందలు అప్పు చేస్తే ఎనిమిదొందల ఆస్తి వస్తుందా? వస్తే మన ఊళ్లలో అందరూ కోటీశ్వరులే. జవాబు −8. ఆ మాట గుణకారానికీ, భాగహారానికీ, అప్పును తీసివేయడానికీ మాత్రమే పనికొస్తుంది, కూడికకు పనికిరాదు. అందుకే నా క్లాసులో ఆ మాట అన్నవాడు పూర్తి వాక్యం చెప్పాల్సిందే: "రెండు ఋణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య వస్తుంది."

ఇప్పుడు మొదటి ప్రశ్న. ముందు ఒక కథ చెబుతాను. పాలవాడి ఖాతాలో రోజుకు 40 రూపాయల పాలు రాస్తారు. అది మీకు అప్పు, −40. మీరు మూడు రోజులు ఊళ్లో లేరు, పాలు పోయించుకోలేదు, అయినా రాసేశాడు. నెలాఖర్లో మీరు అడిగితే ఆ మూడు పద్దులూ కొట్టేశాడు. మూడు పద్దులు పెరిగితే +3, మూడు పద్దులు పోతే −3. ఒక్కో పద్దు −40. (−3) × (−40) = +120. మీ చేతికి కొత్తగా పైసా రాలేదు గానీ మీ పరిస్థితి 120 రూపాయలు మెరుగైంది. ఇంట్లో జేఈఈ మెయిన్ రాసే అన్నయ్యో అక్కయ్యో ఉంటే వాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఊహించి కొట్టిన ఆరు తప్పు జవాబులను పెట్టకుండా వదిలేసి ఉంటే? ఆరు మైనస్ ఒకట్లు తగ్గేవి, ఆరు మార్కులు పెరిగేవి.

కథ బాగుంది, కానీ చురుకైన పిల్ల దీంతో ఊరుకోదు. "పాలవాడి దగ్గర అలా ఉంటే ఉంది, లెక్కల్లో అలాగే ఎందుకు ఉండాలి?" అంటుంది. అప్పుడు ఎక్కం కిందకు దింపండి.

3 × (−4) = −12
2 × (−4) = −8
1 × (−4) = −4
0 × (−4) = 0
(−1) × (−4) = ?

ఒక్కో మెట్టుకూ జవాబు 4 పెరుగుతోంది. −12, −8, −4, 0. తర్వాత మెట్టు 4. ఆ తర్వాత 8, ఆ తర్వాత 12. ఇక్కడ −4 అని రాస్తే అప్పటిదాకా ఎక్కుతున్న మెట్లు హఠాత్తుగా దిగడం మొదలెడతాయి. పిల్లలకు ఈ పట్టిక కంటికి బాగా ఆనుతుంది.

ఇది కూడా చాలదనే పిల్ల కోసం అసలు కారణం. 4 + (−4) = 0, ఇందులో ఎవరికీ పేచీ లేదు. దేన్నైనా సున్నాతో గుణిస్తే సున్నా, ఇందులోనూ లేదు. కాబట్టి (−3) × [4 + (−4)] సున్నా కావాలి. బ్రాకెట్ విప్పి విడివిడిగా గుణిద్దాం, విభాగ న్యాయం అని ఆరో తరగతిలో చదివిందే. (−3) × 4 అంటే మూడు రూపాయల అప్పు నాలుగు సార్లు, −12. దానికి (−3) × (−4) కలిపితే సున్నా రావాలి. −12కి ఎంత కలిపితే సున్నా వస్తుంది? +12 తప్ప ఇంకేదీ కుదరదు. "కాదు సార్, −12 అనే పెట్టుకుందాం" అంటారా, పెట్టుకోండి. అప్పుడు −12, −12 కలిసి −24 అవుతుంది, అంటే −24 = 0. ఇరవై నాలుగు రూపాయల అప్పు, అసలు అప్పే లేకపోవడం ఒకటైపోతాయి. నేను చెప్పిన "ఏది చెడుతుంది" ఇదే. చెడేది ఒక్క లెక్క కాదు, మొత్తం కూడిక.

ఇది అర్థం కావడానికి మీ అమ్మాయికి వారం పడితే కంగారుపడకండి. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ మసేరెస్ అనే గణితజ్ఞుడు 1758లో, అంటే బ్రహ్మగుప్తుడి తర్వాత పదకొండు వందల ఏళ్లకు, బీజగణితంలో ఋణ సంఖ్యల వాడకాన్ని తప్పుపడుతూ ఏకంగా పుస్తకమే వేశాడు. మన వైపు మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలోనే గణిత సార సంగ్రహంలో ఇంకో మెట్టు ముందుకెళ్లి, ఋణ సంఖ్యకు వర్గమూలం ఉండదని రాశాడు. ఏ సంఖ్యను దానితోనే గుణించినా ఋణం రాదు కాబట్టి. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇదే వరసలో ఒక చిన్న ఉచ్చు: (−3)² అంటే 9, కానీ −3² అంటే −9. రెండో దాంట్లో ముందు మూడుకు వర్గం చేసి, తర్వాత దానికి అప్పు గుర్తు తగిలిస్తాం. పుస్తకం ఇదే అంటుంది, పైథాన్ అనే కంప్యూటర్ భాషా ఇదే అంటుంది. ఎక్సెల్‌లో మాత్రం అలాగే కొడితే 9 అని చూపిస్తుంది. మీరు ఆఫీసులో ఎక్సెల్ వాడేవారైతే కూతురి హోంవర్కును దాంతో సరిచూడకండి.

ఇక ప్రధాన సంఖ్యలు. మళ్లీ చింతపిక్కలే, రంగుతో పని లేదు. 12 గింజలిచ్చి ఖాళీలు లేకుండా దీర్ఘచతురస్రంగా పేర్చమనండి. రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి, ఒకే వరసగా పన్నెండు, ఇలా రకరకాలుగా వస్తుంది. 7 గింజలిస్తే ఒకే ఒక్క వరస, ఇంకోలా పేర్చబోతే ఒకటి మిగిలిపోవడమో తగ్గడమో. వరసగా తప్ప ఇంకోలా కుదరనివి ప్రధాన సంఖ్యలు, కుదిరేవి సంయుక్త సంఖ్యలు. ఒక్క గింజ ఇవ్వండి. పిల్లలు కాసేపు ఆగి మీ మొహం చూస్తారు. దాన్ని పేర్చడమేముంది?

వందలోపు ప్రధాన సంఖ్యలు 25. వాటిని బట్టీ పట్టించకండి, ఎరటోస్తనీస్ జల్లెడ పట్టించండి. వంద గళ్లు గీసి, 2ని ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టెయ్యాలి, 3ని ఉంచి దానివి, 5వి, 7వి. అక్కడితో ఆగిపోవచ్చు, ఎందుకంటే తర్వాతిది 11, పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి, వంద దాటిపోయింది. ఎక్కడ ఆగాలో చాలామంది టీచర్లు చెప్పరు. పాపం పిల్లలు 221 ప్రధానమా కాదా అని 110 దాకా భాగించుకుంటూ పోతారు. 15 × 15 = 225 కాబట్టి 15లోపు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. 13 దగ్గర తెగుతుంది, 13 × 17.

జల్లెడ పట్టినా పిల్లలు పరీక్షలో తప్పు చేసేవి కొన్నే, ప్రతి ఏడాదీ అవే: 51, 57, 87, 91, 119. చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యల్లా ఉంటాయి. ఇరవై ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లలు వీటిలో నాలుగింటిని ఇట్టే పట్టేస్తారు. పదిహేడు మూళ్లు యాభై ఒకటి, పంతొమ్మిది మూళ్లు యాభై ఏడు, పదమూడేళ్లు తొంభై ఒకటి, పదిహేడేళ్లు నూట పంతొమ్మిది. 87 ఒక్కటే తప్పించుకుంటుంది, అది ఇరవై తొమ్మిది మూళ్లు కాబట్టి. దానికి అంకెలు కూడి చూసే పద్ధతి ఉంది: 8 + 7 = 15, మూడుతో పోతుంది. ఎక్కాలు పదితో ఆపేయడం ఇప్పటి ఫ్యాషన్. క్యాలిక్యులేటర్ ఉంది కదా అంటారు. నేను మాత్రం పాతవాణ్ణే, ఇరవై దాకా చెప్పించండి.

ఒక తమాషా కూడా నేర్పండి. మూడంకెల సంఖ్య ఏదైనా తీసుకుని పక్కనే మళ్లీ అదే రాయమనండి, 347347 లాగా. అది 7తో, 11తో, 13తో శేషం లేకుండా పోతుంది, ఏ సంఖ్య తీసుకున్నా. అలా రాయడమంటే 1001తో గుణించడమే, 1001 అంటే 7 × 11 × 13. కారణం ముందే చెప్పెయ్యకండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, 1 సంగతి. "1తోనూ, అదే సంఖ్యతోనూ మాత్రమే భాగించబడేది" అనే నిర్వచనం వల్లే ఈ తగువంతా. ఆ వాక్యం ప్రకారం మీ అమ్మాయి వాదన సరైనదే, 1 కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. "సరిగ్గా రెండు వేర్వేరు కారణాంకాలు ఉన్నది" అంటే తగువు లేదు, 1కి ఉన్నది ఒకటే కారణాంకం. కానీ ఇది మాట మార్చి తప్పించుకోవడమే కదా, కావాలని 1ని బయట పెట్టేలా నిర్వచనం రాసుకున్నారు కదా అనొచ్చు. నిజమే, కావాలనే బయట పెట్టారు. ఎందుకో చూడాలంటే లోపలికి రానిచ్చి చూడాలి.

1 ప్రధానమే అనుకుని జల్లెడ పట్టండి. మొదటి ప్రధాన సంఖ్య 1, దాన్ని ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టెయ్యాలి. అన్నీ దాని గుణిజాలే! ఒక్క 1 తప్ప జల్లెడలో ఏమీ మిగలదు. పిల్లలు వంద గళ్లూ టకటకా కొట్టేసి "అయిపోయింది సార్" అనేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

రెండో నష్టం ఇంకా పెద్దది. 12ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొడితే 2 × 2 × 3. మీ అమ్మాయి 3 × 4తో మొదలెట్టినా, మీరు 2 × 6తో మొదలెట్టినా చివరకు రెండు రెళ్లూ ఒక మూడే వస్తాయి. ఏ సంఖ్యకైనా అంతే, వరస మారొచ్చు గానీ సరుకు మారదు. కసాగు, గసాభా అన్నీ దీని మీదే నిలబడ్డాయి. 1ని లోపలికి రానిస్తే 12 అంటే 1 × 2 × 2 × 3 కూడా, 1 × 1 × 2 × 2 × 3 కూడా. ఎన్ని ఒకట్లు కావాలంటే అన్ని. ఒక సంఖ్యకు ఒకే విడగొట్టుడు అన్న మాట పోయింది. అప్పుడు ప్రతి సూత్రం పక్కనా "1 తప్ప" అని రాసుకోవాలి. అంతకంటే గుమ్మం దగ్గరే ఆపడం నయం.

ఇది మొదటినుంచీ అందరూ ఒప్పుకున్నదేమీ కాదు. 1742లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు సాటి గణితజ్ఞుడు ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో 1ని ప్రధాన సంఖ్యగానే లెక్కపెట్టాడు. 1914లో అమెరికాలో డెరిక్ నార్మన్ లేమర్ అచ్చు వేయించిన కోటి దాకా ఉన్న ప్రధాన సంఖ్యల పట్టిక కూడా 1తోనే మొదలవుతుంది. కాబట్టి మీ అమ్మాయి అడిగింది తెలివితక్కువ ప్రశ్న అని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రధాన సంఖ్యలు ఎప్పటికీ అయిపోవని యూక్లిడ్ రెండు వేల మూడు వందల ఏళ్ల కింద చూపించాడు. తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ గుణించి 1 కలిపితే, వాటిలో దేనితో భాగించినా 1 శేషం వస్తుంది. కాబట్టి జాబితాలో లేని ప్రధాన సంఖ్య ఇంకోటి ఉండి తీరాలి. ఇక్కడ ఒక పొరపాటు టీచర్లు కూడా చేస్తారు, అలా వచ్చిన సంఖ్యే ప్రధానం అని. 2 × 3 × 5 × 7 × 11 × 13 + 1 = 30031. ఇది 59 × 509. ప్రధానం కాదు, కానీ 59, 509 రెండూ మన జాబితాలో లేనివే, యూక్లిడ్ మాట చెల్లింది. 2024 అక్టోబరులో ప్రకటించిన అతి పెద్ద ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టినది మనవాళ్లే: 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఇవి అమ్మాయికి చెప్పండి, పరీక్షలో రావు గానీ పేపర్లో చదివితే గుర్తుపడుతుంది.

మూడో ప్రశ్న, −7. పరీక్షలో "కాదు" అని రాయమనండి. స్కూల్లో ప్రధాన సంఖ్యలంటే 1 కంటే పెద్దవైన సహజ సంఖ్యల్లోనే చూస్తాం, −7 ఆ ముగ్గులోకే రాదు. 0 కూడా కాదు, దాన్ని సున్నా కాని ఏ సంఖ్యతోనైనా భాగించొచ్చు. (0 సరి సంఖ్యే. ఈ ప్రశ్న మీరు రాయలేదు గానీ వచ్చే వారం వస్తుంది.)

కానీ ఆమె ఎందుకని అడుగుతుంది. "−7కి 1, −1, 7, −7 అని నాలుగు కారణాంకాలున్నాయి, అందుకే కాదు" అని చెప్పబోకండి, అలా చూస్తే 7కీ అవే నాలుగు. పూర్ణసంఖ్యల్లోకి రాగానే "సరిగ్గా రెండు కారణాంకాలు" అన్న నిర్వచనం ఏ ప్రధాన సంఖ్యకూ సరిపోదు. 12ని విడగొట్టడం కూడా చెదిరిపోతుంది: 2 × 2 × 3, (−2) × (−2) × 3, (−2) × 2 × (−3). మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ కాబట్టి అన్నీ 12లే. చూశారా, ఆమె మొదటి ప్రశ్న వచ్చి మూడో ప్రశ్నకు తగిలింది. స్కూలు లెక్కల్లో ఋణ సంఖ్యలను బయట ఉంచి ఈ గొడవ తప్పించుకుంటారు. డిగ్రీ, పీజీ లెక్కల్లో ఇంకోలా తప్పించుకుంటారు: 1, −1 రెండింటినీ యూనిట్లు అని పక్కకు తీసి, గుర్తు తేడాను తేడాగా లెక్కపెట్టరు. ఆ లెక్కన 7 ప్రధానమైతే −7 కూడా ప్రధానమే. 1 మాత్రం అక్కడా కాదు, దానికి తోడు −1 కూడా కాదు. ఇది ఏడో తరగతి పిల్లకు చెప్పొచ్చా అంటే, అడిగిన పిల్లకు చెప్పొచ్చు. పేపర్ దిద్దేవాళ్లకు మాత్రం చెప్పొద్దనండి.

చింతపిక్కలు అరగదీసే ఓపిక లేకపోతే రెండు రంగుల చొక్కా గుండీలు వాడండి. వేరుశనగ గుళ్లు మాత్రం వద్దు. నేనొకసారి తెస్తే, 12ని పేర్చే వేళకు బల్ల మీద 7 మిగిలాయి.